దస్తూరు చాప



నేను హైదరాబాదు పాతబస్తీలో, చార్‌మినారునకు దగ్గర, మచిలీ కమానునకు కూతవేటు దూరమున నివసించువాడను. మాకును సముద్రమునకును నూరు క్రోసుల పైచిలుకు దూరము. మా వాడలో ఓడను కన్నులార చూచినవారు తక్కువ. అట్టివాడను నేడు పాత యుద్ధనౌకల తెరచాపలను గూర్చి ముచ్చటింపబూనుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. నన్నీ త్రోవకు లాగినది ఒక్క మాట. ఆ మాట మీరందరు నెరిగినదే: దస్తూరు.

మన పల్లెలలో దస్తూరి యనగా చేవ్రాత. కరణముగారి దస్తూరి ముత్యములవలె నున్నదని పెద్దలు మెచ్చుకొనుట మీరు వినియుందురు. నైజాము దఫ్తరులలో దస్తూరు అనగా వాడుక, ఆచారము, నియమము. బజారులో దలాలు నోట దస్తూరీ యనగా బేరము కుదిర్చినందుకు వానికి ముట్టవలసిన రుసుము. ఈ మూడర్థములును నాకు బాల్యమునుండి తెలిసినవే. నాలుగవ యర్థము మాత్రము పెద్దవయసున ఒక పాత నిఘంటువులో కనబడినది. థామస్ రోబక్ అను ఆంగ్లేయుడు చెన్నపట్టణపు సిపాయి పటాలములో ఉద్యోగి. పిదప కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో పనిచేసెను. అతడు 1811లో ఆంగ్ల హిందూస్తానీ నౌకానిఘంటువు నొకదానిని ప్రకటించెను. ఓడ నడపు దొర తన యాజ్ఞను మనదేశపు లస్కరులకు వారి మాటలలో ఎట్లు చెప్పవలయునో తెలుపు పుస్తకమది. దానినే సవరించి జార్జి స్మాల్ అనునతడు 1882లో 'లస్కరీ నిఘంటువు' అను పేర మరల వెలువరించెను. అందు త్రికట్ అనగా ఓడలోని ముందరి నిలువుకొయ్య. గావి యనగా రెండవ యంతస్తున గట్టు తెరచాప. ఈ రెండును పోర్చుగీసువారి నోటినుండి మన కళాసీల నోటికి వచ్చిన మాటలు. ఇక దస్తూర్ అనగా, ఆంగ్లేయులు 'స్టడింగ్ సెయిల్' అని వ్రాసి 'స్టన్సల్' అని పలుకునట్టి అదనపు ప్రక్కచాప.

ఒడ్డున రివాజు, ఓడపై రెక్క! ఆ మాట చూచిన దినమునుండి ఆ చాప యెట్టిదో, దానితో ఏమేమి చేసిరో తెలిసికొనవలెనను కోరిక నన్ను వదలలేదు.

అది యెట్టిదో చెప్పెదను. మీ బండి నిండుబరువుతో ఘాటు ఎక్కవలసివచ్చినప్పుడు ఉన్న జతకు ముందు మరియొక జత ఎడ్లను కట్టుదురు గదా. ఎగువ దాటగనే ఆ జతను విప్పివేయుదురు. దిగువలో అది యుండిన, బండికి మేలు మాట యటుండగా మెడలు విరుగును. ప్రక్కచాప సరిగా ఆ రెండవ జత వంటిది. గాలి మందగించినపుడు దానిని కట్టుదురు. గాలి హెచ్చినపుడు అన్నిటికంటె ముందుగా దానినే విప్పుదురు.

పాత యుద్ధనౌకకు మూడు నిలువుకొయ్యలు. ఒక్కొక్కటి ఒకే మ్రాను గాదు. ఒకదానిపై నొకటి అతికిన రెండు మూడు మ్రాకులు. వానికి అడ్డముగా అంతస్తులవారీగా అడ్డకొయ్యలు. ఆ యడ్డకొయ్యలకే చతురస్రపు తెరచాపలు వ్రేలాడును. ట్రఫాల్గర్ యుద్ధమున నెల్సన్ ఎక్కిన 'విక్టరీ' యను నౌకలో నడిమి పెద్దచాపను మోయు అడ్డకొయ్య నూరడుగులకు మించినది. ఆ యడ్డకొయ్యమీదనే, ఇరువైపుల చివరలయందు, ఇనుపకడియములలో దూర్చిన సన్నని వాసము లుండును. ఒక్కొక్క వాసము అడ్డకొయ్యలో సుమారు సగము పొడవు. పనిలేనపుడు అవి అడ్డకొయ్యను అంటిపెట్టుకొని పండుకొనియుండును. ఆజ్ఞ రాగానే పైనున్న కళాసీలు వానిని కడియములగుండ బయటికి త్రోయుదురు. క్రిందివారు చుట్టచుట్టిన పలుచని చాపను మోకులతో పైకి లాగి, దాని మూలను వాసపు కొనకు ఈడ్చి కట్టుదురు. అన్నిటికంటె క్రిందనుండు ప్రక్కచాపకు మాత్రము వాసము ఓడ ప్రక్కనుండియే తలుపు తెరచినట్లు బయటికి తిరుగును. ఓడ ఒరిగినపుడు దాని కొన కెరటములలో మునుగుటయు కలదు. అన్నియు విప్పినపుడు, ఓడ తన వెడల్పునకు ఎన్నోరెట్లు విశాలమైన గుడ్డను గాలికి చాచి, పిల్లలను కప్పుటకు రెక్కలు విప్పిన పక్షివలె కనబడును.

ఇది అన్ని గాలులకు పనికివచ్చునది గాదు. గాలి వెనుకనుండియో, వెనుక మూలనుండియో రావలెను. ఎదురుగాలికి ఏటవాలుగా పోవునపుడు ప్రక్కచాప ఓడను ప్రక్కకు నెట్టునే గాని ముందుకు నడుపదు. వెనుగాలియైనను అకస్మాత్తుగా బలపడెనా, మొదట వాసము విరుగును. ఒకవైపు చాప తెగి రెండవవైపుది నిలిచెనా, ఓడ గిరుక్కున తిరిగి తన ప్రక్కను కెరటముల కప్పగించును. కావున ప్రక్కచాపలు విప్పియున్నంతసేపు ఓడపెద్ద కన్ను ఆకాశపు అంచున నుండవలెను.

మరియొక సంగతి. ఈ చాపలకు మనుష్యులు కావలెను. వర్తకనౌకలో కూలికి తెచ్చుకొన్నవారు కొద్దిమంది. ఒక్కొక్కరికి చేతినిండ పని. యుద్ధనౌకలోనో, 74 ఫిరంగులు మోయు నౌకయైనచో సుమారు ఆరునూరుల మంది. ఫిరంగులకొరకు ఎక్కించుకొన్నవారే ఫిరంగులు మ్రోగని దినములలో మోకులు లాగుదురు. నాట్లనాడు ఉమ్మడికుటుంబమునకు గల బలము వంటిది అది. అందుచేతనే ప్రక్కచాపలను నిమిషములలో విప్పుటకు, నిమిషములలో ముడుచుటకు యుద్ధనౌకలే పేరువడినవి.

ఇక మన తీరమునకు వత్తము. బంగాళాఖాతపు పడమటి యొడ్డున సంవత్సరము రెండుగా చీలియుండును. ఎండకాలము మొదలు భాద్రపదమువరకు గాలి దక్షిణపు దిక్కునుండి వచ్చును. అప్పుడు పుదుచ్చేరినుండి మచిలీపట్టణమునకు వచ్చు ఓడకు వెనుగాలి. ప్రక్కచాపలు విప్పదగిన కాలము. ఆశ్వయుజము దాటినపిదప ఈశాన్యపుగాలి తిరుగును. అదే త్రోవ ఎదురుగాలి యగును. ఈ చిన్న భేదము హైదరాబాదు చరిత్రకు ఎంత దగ్గరిదో మా పాతబస్తీవారిలో కూడ చాలమంది యెరుగరు. మచిలీపట్టణము గోలకొండ సుల్తానుల రేవు. 1591లో ఈ నగరము వెలసినపిదప దీనికి సముద్రద్వారము అదియే. ఇచ్చటివారు దానిని మచిలీబందరని పిలిచిరి. గోలకొండ ఓడలు అక్కడినుండి పెగూకు, అచేకు, ఎర్రసముద్రపు రేవులకు పోయెడివి. ఆసఫ్‌జాహీల కాలము వచ్చినపిదపను చాలకాలము హైదరాబాదు సముద్రము లేని ఊరు కాలేదు.

1756వ సంవత్సరము చూడుడు. సలాబత్ జంగు దక్కను సుబేదారు. ఫ్రెంచి సేనాని బుస్సీ అతనికి కుడిభుజము. ఆ సేవకు ప్రతిఫలముగా 1753లో కోస్తా సర్కారులు ఫ్రెంచివారి వశమైనవి. మంత్రి షా నవాజ్ ఖాను మాట విని సలాబత్ జంగు బుస్సీని కొలువునుండి తొలగించెను. బుస్సీ వెనుకకు తిరిగి హైదరాబాదు చేరి, మూసీ యొడ్డున చార్‌మహల్ అను తోటమేడలలో తన కొద్దిసేనతో తలుపులు బిగించుకొని కూర్చుండెను. చుట్టును సుబేదారు సేనలు. బుస్సీ ఆశ యంతయు మచిలీపట్టణపు రేవుమీదనే. ఆగస్టు నడుమ, లా అను సేనాని మచిలీపట్టణమునుండి నడిపించిన దళము అరణ్యములును ముట్టడించువారిని దాటి నగరము చేరెను. వారము తిరుగకుండ సుబేదారు సంధికి వచ్చెను. నేను చార్‌మహల్ వీధులలో నడచునపుడు ఆ మేడల జాడలు వెదకుదును; ఇండ్లు దప్ప ఏమియు కనబడవు. అయినను, ఆ దినములలో ఇచ్చటి భటుడు తలయెత్తి చూచినది తూర్పుదిక్కు, నూరు క్రోసుల యవతలనున్న ఓడల దిక్కు, అని తలచిన నాకు ఒడలు పులకరించును.

మూడేండ్లకు అదే కథ తలక్రిందులాయెను. 1758లో ఫ్రెంచి గవర్నరు లాలీ, చెన్నపట్టణమును పట్టవలెనను తొందరలో, బుస్సీని హైదరాబాదునుండి పిలిపించుకొనెను. కాన్‌ఫ్లాన్ అనునతడు సర్కారులలో మిగిలెను. బంగాళమునుండి క్లైవు పంపిన కర్నలు ఫోర్డు, విజయనగరము రాజుగారి తోడ్పాటుతో, 1758 డిసెంబరులో పిఠాపురము దగ్గర చందుర్తికడ కాన్‌ఫ్లానును ఓడించి, తరిమికొనుచు వచ్చి, 1759 మార్చిలో మచిలీపట్టణపు కోటను ముట్టడించెను. సలాబత్ జంగు ఫ్రెంచివారికి తోడుగా పెద్దసేనతో బెజవాడవరకు వచ్చెను. ఫోర్డుకు తుపాకిమందు రెండు దినములకు సరిపోవునంత మాత్రమే మిగిలెను. అతడు ఏప్రిలు 7వ తేది రాత్రి బురదలలో దిగి కోటపై పడెను. తెల్లవారునప్పటికి కోట పట్టుబడెను. చెరబడినవారి సంఖ్య చెరబట్టినవారి సంఖ్యకంటె హెచ్చు.

సరిగా ఒక వారమునకు, ఏప్రిలు 15వ తేదిని, పుదుచ్చేరినుండి సుమారు మున్నూరుమంది భటులతో రెండు ఫ్రెంచి ఓడలు మచిలీపట్టణపు రేవు ముందర కనబడినవి. కోటపై నెగురుచున్నది తమ జెండా కాదని తెలిసి, అవి లంగరు వేయక ఉత్తరముగా గంజాము వైపు సాగిపోయినవి. సలాబత్ జంగు మే 14వ తేదిని ఆంగ్లేయులతో సంధిచేసికొని, మచిలీపట్టణమును దాని చుట్టుపట్టు సీమను వారి కిచ్చెను. ఫ్రెంచివారిని దక్కనులో నిలువనీయనని మాట యిచ్చెను. 1766 నాటి ఒడంబడికతో సర్కారుల మాట స్థిరపడినది. హైదరాబాదు సముద్రము లేని రాజ్యమైనది.

ఒక్క వారము! ఈ మాట చదివినపుడెల్ల నాకు ప్రక్కచాపలు జ్ఞప్తికి వచ్చును. ఆ కాలపు ఐరోపా ఓడలకు అవి సామాన్యములు. ఏప్రిలులో దక్షిణపుగాలి; పుదుచ్చేరినుండి వచ్చువారికి వెనుగాలి. అయినను ఆ యోడలు ఆలస్యమైన నేరమును నేను గాలిమీదను తెరచాపలమీదను వేయజాలను. పుదుచ్చేరినుండి మచిలీపట్టణమునకు ఆ ఋతువున పయనము దినముల లెక్క. చందుర్తి యోటమికిని కోట పతనమునకును నడుమ నాలుగు మాసములు గడచినవి. ఆలస్యము ఒడ్డుననే, కచ్చేరీలో, లాలీ చెన్నపట్టణముపై పెట్టుకొన్న మంకుపట్టులో జరిగినది. ప్రక్కచాప గంటలను సంపాదించి పెట్టగలదు. ఒక దినమును గూడ సంపాదింపవచ్చును. మాసములను సంపాదింపలేదు. చరిత్రకారులలో కొందరు లాలీపట్ల జాలి చూపుదురు; ఈ విషయమున నేను చూపలేను.

గంటలు సంపాదించిన సందర్భములు మాత్రము చాల కలవు. రెండు చెప్పెదను. 1805 అక్టోబరు 21న స్పెయిను తీరమున ట్రఫాల్గర్ కడ నెల్సన్ 27 పెద్ద యుద్ధనౌకలతో, ఫ్రెంచి స్పానిషు నౌకలు 33 గల బలగముపైకి నడచెను. తెల్లవారగనే శత్రువు కనబడెను. తొలి ఫిరంగి మ్రోగుటకు మధ్యాహ్నము కావలసివచ్చెను. గాలి అంత మందము; ఓడలు మనిషి నడకతో సాగినవి. ప్రక్కచాపలన్నియు విప్పియే పోయిరి. సాధారణముగా యుద్ధమునకు దిగునపుడు వానిని ముందే ముడుతురు. అవి తెగి ఫిరంగులకు అడ్డుపడును, నిప్పంటుకొనును. ఆనాడు అట్లు చేయక, గుండ్లు పడుచుండగనే వానితో ముందుకు సాగిరి. 'విక్టరీ' వాసములు కొన్ని గుండ్ల దెబ్బకు అడ్డకొయ్యల కొనలకడనే తెగిపోయినవి. ఎదుటివాని ఫిరంగుల యెదుట నిస్సహాయముగా గడపవలసిన కాలమును తగ్గించుకొనుటయే వారి లెక్క.

రెండవది నాకు మరింత ప్రియమైన కథ, ఏలయన అందు గెలిచినది చాప విప్పుట గాదు, ముడుచుట. 1812 జూలైలో అమెరికా తీరమున 'కాన్‌స్టిట్యూషన్' అను నౌక ఐదు ఆంగ్లేయ యుద్ధనౌకల కంటబడెను. గాలి చచ్చియుండెను. నాయకుడు ఐజాక్ హల్ పడవలు దింపి ఓడను లాగించెను. లంగరును పడవపై ముందుకు పంపి జారవిడిపించి, దాని మోకును లాగుచు ఓడను నడిపించెను. చాపల దారములు ఉబ్బి సందులు మూసికొని ఉన్న కొద్దిగాలిని పట్టునని నీళ్ళు చల్లించెను. బరువు తగ్గుటకు త్రాగునీటిని సముద్రములో పారబోయించెను. వెంటబడినవారును అట్లే చేసిరి. రెండు రాత్రులు గడచినవి. కడపట, విప్పగల చాపలన్నియు విప్పి పరుగెత్తుచుండగా, గాలివాన యొకటి దూరమున నల్లగా లేచెను. హల్ అది తన్ను తాకుటకు క్షణముముందు ప్రక్కచాపలను పైచాపలను తటాలున దింపించెను. వెనుకనున్న ఆంగ్లేయులు, ఇదేదో పెనుగాలియని తలచి, అది తమ్ము చేరకముందే చాపలు ముడిచి వేరుదిక్కునకు తిరిగిరి. వానతెర ఓడను కప్పగానే హల్ చాపలన్నియు మరల విప్పించెను. వాన వెలసినపుడు అతడు అందనంత దూరమున నుండెను.

ప్రక్కచాపలు ఏమియు చేయలేని యుద్ధము మన యింటి ముంగిటనే జరిగినది. 1804 సెప్టెంబరు 15న విశాఖపట్టణపు రేవులో 50 ఫిరంగుల ఆంగ్లేయనౌక 'సెంచూరియన్' రెండు వర్తకనౌకలకు కావలిగా లంగరువేసి యుండగా, ఫ్రెంచి నౌకాధిపతి లినోయ్ మూడు యుద్ధనౌకలతో వచ్చిపడెను. సెంచూరియన్ నాయకుడు లిండ్ అప్పుడు ఒడ్డున నుండెను. యుద్ధము నడుచుచుండగా పడవలో తన ఓడ చేరెను. 'బార్నబీ' అను వర్తకనౌక ఒడ్డుకు కొట్టుకొని పగిలిపోయెను. 'ప్రిన్సెస్ షార్లెట్'ను ఫ్రెంచివారు పట్టుకొనిపోయిరి. సెంచూరియన్ చిల్లులుపడియు లొంగలేదు. ఒడ్డునంటి లంగరుపై నున్న ఓడకు చాప యేమి, ప్రక్కచాప యేమి.

ఈ ఓడల మరమ్మతులకు అప్పుడు మన గోదావరి ముఖమున కోరంగి ప్రసిద్ధము. 1802లో ఎబెనీజర్ రోబక్ అనునతడు ఆంగ్లేయ రాజనౌకలను బాగుచేయుటకు అచ్చట ఒక మరమ్మతు రేవును కట్టించెను. కోరంగి వడ్రంగులు కట్టిన ఓడలు బర్మా త్రోవలలో తిరిగినవి. ఆ దేశమున తెలుగువానికి కోరంగీ యనియే పేరువడినది. తూర్పుసముద్రములలో తిరిగిన వర్తకనౌకలలో అడ్డకొయ్యలపై ప్రాకినవారు పెక్కుమంది మనదేశపు లస్కరులే. చీకటిరాత్రి, తడిమోకుపై అరికాలు మోపి, ఊగు అడ్డకొయ్య కొనకు పోయి వాసమును లోపలికి లాగవలసినవాడు లస్కరు. పుస్తకములలో నాయకుల పేర్లుండును. వీరి పేర్లు లేవు; వీరి మాటలు మాత్రము రోబక్ నిఘంటువులో మిగిలినవి.

ఆవిరియోడలు వచ్చినవి. 1869లో సూయజు కాలువ తెరువబడినది. వర్తకులు కూలిఖర్చు తగ్గించుకొనుటకు మనుష్యులను తగ్గించిరి. మనుష్యులు తగ్గగానే మొదట పోయినవి ప్రక్కచాపలే. అడ్డకొయ్యనెక్కిన లస్కరు కొడుకు ఓడ కడుపులో బొగ్గు త్రోయు ఆగ్‌వాలా యాయెను. కోరంగిని 1789లోను 1839లోను ఉప్పెనలు ముంచినవి. తరువాత ఇసుక రేవును పూడ్చినది. నేడు అచ్చట మడచెట్ల అడవి.

పోయిన సంక్రాంతికి గుల్జార్ హౌజ్ కడ గాలిపటములమ్ము ఒక వృద్ధుని దుకాణమున నిలిచితిని. గాలి లేదు. మనుమనికై నేను చేతికెత్తుకొన్న చిన్న గట్టిపటమును అతడు వెనుకకు తీసికొని, పలుచని కాగితపు పెద్దపటమును చేతబెట్టెను. ఇంత గాలికి ఇదియే ఎగురును, గాలి లేచిన దీనిని దింపి ఆ చిన్నదానిని కట్టుమనుడని చెప్పెను. దస్తూరు అనగా నేమి భాయీ యని యడిగితిని. రివాజు సాహెబ్, అని నన్ను వింతగా చూచి, తక్కిన చిల్లర లెక్కబెట్టి యిచ్చెను.